లోబడిన పరుపులాయన

ఆ ఉదయం చేయాల్సిన పని ఒక్కటే. పాస్టరుగారి కూతురి పెళ్ళి పరుపులో మిగిలిన దూది నింపి, మూతి కుట్టి, భోజనాల వేళకు వాళ్ళింటికి చేర్చాలి. పరుపులాయన లేస్తూనే ఆ మాట అనుకున్నాడు. లేచాడు అనడం కూడా తప్పే. నిద్రపోయినవాడు లేస్తాడు. ఆయన ఆదివారం నుంచి ఊరికే పడుకుంటున్నాడు, అంతే.

ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. ముందు గది కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేది. ఆ ఎండలో ఏకిన దూది పోగులు తేలేవి. కిందికి దిగేవి కావు, పైకి పోయేవీ కావు. నిద్ర చాలని కళ్ళకు ఆ గది నీళ్ళలో మునిగి ఉన్నట్టుండేది. మాటలు కూడా నీళ్ళలోంచి వచ్చినట్టు ఆలస్యంగా చెవికి చేరేవి.

ఇది మామూలు పరుపు కాదు. సందు చివర స్పాంజి పరుపుల దుకాణం వెలిసినప్పటి నుంచి దూది పరుపు అడిగే నాథుడు లేడు. పాస్టరుగారు మాత్రం కూతురికి దూది పరుపే అన్నారు. పెళ్ళికొడుకు తల్లి స్పాంజి అంది. అని ఊరుకోలేదు. ఒక స్పాంజి పరుపు తెప్పించి, ప్లాస్టిక్ తొడుగు విప్పకుండా పాస్టరుగారి వరండాలో నిలబెట్టించింది. దూది పరుపులో ఒక్క గడ్డ చేతికి తగిలినా ఇది బయటికి, అది లోపలికి. అది లోపలికి పోతే సంఘం మొత్తం దాని వెనకే పోతుంది. ఇక్కడ దుకాణం మూసుకోవాలి. ఆ సంగతి మొగుడికీ తెలుసు, పెళ్ళానికీ తెలుసు.

నిద్ర కరువవడానికి కారణం పోయిన ఆదివారం ప్రసంగం. ఇంట్లో పెళ్ళి కదా అని పాస్టరుగారు సంసారం మీద మాట్లాడారు. భార్య లోబడాలి, భర్త భార్య కోసం తన్ను తాను అప్పగించుకోవాలి, ఇద్దరూ ఒకరికొకరు తగ్గాలి అన్నారు. జనం తలలూపారు. ఊపిన తలల్లో చాలావాటిలోంచి ఆ మాట గుమ్మం దగ్గరే జారిపోయింది. వీళ్ళిద్దరూ ఇంటిదాకా మోసుకొచ్చారు. చిక్కంతా అక్కడే.

ఆయనకు తన నోరు గుర్తొచ్చింది. పనిలో దిగితే ఆయన మాటలన్నీ గద్దింపులే. పరుపు దూర మూలలకు దూది సర్దాలంటే మనిషి గుడ్డ లోపలికి పాకాలి. పాకే ముందు ప్రతిసారీ, "లోపలికెళ్తున్నా, మూతి పట్టుకో, వదిలావంటే చూడు!" అని వీధి చివరిదాకా వినబడేట్టు అరిచేవాడు. ఆవిడకు తన చెయ్యి గుర్తొచ్చింది. మూతి కుట్టే ముందు లోపల చెయ్యి పెట్టి మూలలు తడమడం ఆవిడ అలవాటు. "ఈ మూల ఖాళీగా ఉందండీ" అనేది. "నా పని నాకు తెలీదా?" అని ఆయన ఎగిరేవాడు. మూల ఖాళీగానే ఉండేది.

ఇకమీదట అరవకూడదని ఆయన, తడమకూడదని ఆవిడ, చర్చిలో ఎవరి బెంచీ మీద వాళ్ళు తీర్మానించుకున్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. చెప్పి చేస్తే త్యాగం ఏముంది అనుకున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. భార్యకు మెత్తటి పరుపు ఇష్టమని ఆయన నమ్మకం. భర్తకు మెత్తటి పరుపు ఇష్టమని ఆవిడ నమ్మకం. ఆవిడ సంతకు వెళ్ళినప్పుడు ఆయన తమ మంచం మీది పరుపు విప్పి, తన వైపు దూది తీసి ఆవిడ వైపు కూరాడు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ విప్పి, తన వైపు దూది తీసి ఆయన వైపు కూరింది. తాను కూరిన దూది ఎలా తరిగిపోతోందో ఆయనకు అంతుబట్టలేదు. ఇంకాస్త కూరాడు. ఆవిడా అంతే. వారం గడిచేసరికి ఆ పరుపు మీద ఒకరోజు ఈ పక్క కొండ, ఒకరోజు ఆ పక్క కొండ. కొండ మీదున్నవాళ్ళు జారకుండా మంచం కోడు పట్టుకునేవాళ్ళు. లోయలో ఉన్నవాళ్ళు మీద పడబోయే మనిషి కోసం కాచుకునేవాళ్ళు. "నిద్ర పట్టిందా?" అని ఈయన అడిగితే "హాయిగా" అని ఆవిడ. ఆవిడ అడిగినా అదే జవాబు. పక్కనున్న మనిషిని నిజం అడగడానికి వాళ్ళకు చెయ్యి చాచేంత దూరమే ఉంది. అడగలేదు. ఆ దూరం ఎప్పుడూ అంతే ఉంటుందని మనుషులకు ఓ ధీమా.

"కాఫీ పెట్టనా, పాలు కాచనా?" అంది ఆవిడ ఆ ఉదయం.

"నీ ఇష్టం."

"మీ ఇష్టమే నా ఇష్టమండీ."

"నాకు ఇష్టమంటూ ఏముంది? నువ్వేది ఇస్తే అది."

"మీరు చెబితేనే ఇస్తా."

ఇద్దరూ మంచినీళ్ళు తాగి పనిలో దిగారు.

గది మధ్య చాప మీద పెళ్ళి పరుపు గుడ్డ పరిచి ఉంది. తెల్లటి గుడ్డ, సన్నటి నీలి చారలు. ఒక కొస మూతి తెరిచి ఉంది. అడుగున దూది పరవడం అయిపోయింది. దూర మూలలు మిగిలాయి. ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి దబ్బనానికి పురికొస ఎక్కిస్తోంది.

"మూతి ఎప్పుడు కుట్టమంటారు?" అని అక్కడి నుంచే అడిగింది.

"నీకు ఎప్పుడు తోస్తే అప్పుడే" అన్నాడు ఆయన. అంత మెత్తగా మాట్లాడినందుకు ఆయనకే ముచ్చటేసింది.

దూది మూట చంకన పెట్టుకుని మూతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరవబోయాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. మూతి పట్టుకోమని ఆవిడను పిలవడమెందుకు? పాపం, ఏం పనిలో ఉందో. చప్పుడు చేయకుండా లోపలికి పాకాడు.

లోపల లోకం వేరుగా ఉంది. గుడ్డలోంచి వడగట్టి వచ్చే వెలుగు పాలలా ఉంది. వీధి చప్పుడు ఎక్కడో అవతలి ఒడ్డున ఆగిపోయింది. కింద దూది కొత్తది, వెచ్చనిది. ఒక మూల సర్దాడు. రెండో మూలకు వెళ్తూ క్షణం తల వాల్చాడు. పరుపు కొండలా లేదు, లోయలా లేదు. చదునుగా ఉంది. ఆదివారం నుంచి చదును అనేది ఆ వీపుకు తెలియదు. తాను మబ్బు మీద నడుస్తున్నట్టు, పెళ్ళినాటి తెల్లచీరలో భార్య ఎదురుగా వస్తున్నట్టు, దారి ఇరుకై ఇద్దరూ ఒకరికొకరు తప్పుకుంటున్నట్టు, తప్పుకుని తప్పుకుని ఎవరూ దాటనట్టు ఏదో కల మొదలైంది.

ఆవిడ దబ్బనం పట్టుకుని వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. పరుపు నిండుగా ఉబ్బి ఉంది. చెయ్యి దానంతట అదే మూతి వైపు వెళ్ళింది. మూలలు తడమాలని వేళ్ళు లాగాయి. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళు మూసుకుని ఓ చిన్న ప్రార్థన చేసుకుని, మూతి కుట్టడం మొదలుపెట్టింది. దగ్గరదగ్గరగా, బిగుతుగా కుట్టింది. జీవితంలో అంత మంచి కుట్టు ఎప్పుడూ వేయలేదు.

ఆవిడ తమ్ముడు తన ట్రాలీ బండి తెచ్చి గుమ్మంలో హారన్ కొట్టాడు.

"అక్కా, బావేడి?"

"ఏమోరా."

"ఏమో ఏంటి? అడగలేదా?"

"అడగను. మగాడు పని మీద వెళ్తే ఎక్కడికి, ఎందుకు అని నిలదీయడం మానేశాను."

తమ్ముడు అక్కను ఎగాదిగా చూశాడు. "జ్వరమా?"

"లోబడి ఉంటున్నాను."

"ఎవరికి? బావ లేడుగా ఇక్కడ!"

"లేనప్పుడు లోబడటమే అసలైన లోబడటం. నోరు మూసుకుని ఆ కొస పట్టు."

తమ్ముడు పట్టాడు, లేవలేదు. పక్క దుకాణం టైలరును పిలిచారు. ముగ్గురూ కలిసి చాపతో సహా ఈడ్చి, బండి వెనక పలక వాల్చి, పైకి ఎక్కించారు. టైలరు నడుము పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏం కూరారమ్మా ఇందులో?" అన్నాడు.

"పాస్టరుగారి అమ్మాయికి కదా, మీ అన్నయ్య చెయ్యి తగ్గిస్తారా? ఉన్నదంతా పెట్టేసి ఉంటారు" అంది ఆవిడ గర్వంగా. అక్షరం పొల్లుపోని నిజం అది.

బండి మెల్లగా కదిలింది. ఆవిడ పరుపు పక్కన కూర్చుని దాని మీద చెయ్యి వేసుకుంది. ఎండ చల్లగా ఉన్నట్టనిపించింది. మేడలు, దుకాణాల బోర్డులు, సైకిళ్ళు కళ్ళ ముందు కరిగి వెనక్కి పోతున్నాయి. పరుపు సన్నగా ఊపిరి తీస్తున్నట్టు చేతి కింద పైకి లేచింది, కిందికి దిగింది. నిద్రలేమికి ఇలాంటివి తోస్తాయి అనుకుంది. అయినా ఆ లయకు ఎందుకో ఆవిడకు ధైర్యం వచ్చింది. కునుకు పట్టింది. బండి గుంతలో పడ్డప్పుడల్లా పరుపు "ఊఁ" అంది. తమ్ముడు స్ప్రింగులు పోయాయనుకుని బండి తయారుచేసినవాణ్ణి తిట్టాడు.

పాస్టరుగారింట్లో పెళ్ళి గదిలో మంచం సిద్ధంగా ఉంది. నలుగురు పట్టి పరుపును దాని మీదికి చేర్చారు. బండి కుదుపుకు దూది సర్దుకున్నాక, మంచం మీద వేసి మధ్యమధ్య దబ్బనంతో బిగింపు కుట్లు వేయడం వీళ్ళ పద్ధతి. అందుకని ఆవిడ కర్ర, దబ్బనం వెంట తెచ్చుకుంది. వరండాలో స్పాంజి పరుపు ప్లాస్టిక్‌లో తళతళలాడుతోంది. దాని పక్కనుంచే వియ్యపురాలు లోపలికి వచ్చింది.

"ఇదేనా?" అంది. అంత చిన్న మాటలో అంత చులకన పట్టించడం అందరికీ చేతకాదు.

పాస్టరుగారు సంతోషంగా పరుపు కొస మీద కూర్చున్నారు. "బ్రహ్మాండంగా ఉందమ్మా. వెచ్చగా కూడా ఉంది."

"కొత్త దూదండీ. నిన్న ఎండబెట్టాం" అంది ఆవిడ.

అప్పుడే గురక వినబడింది. సన్నగా మొదలై, లావై, చివర ఈల వేసి ఆగింది. పాస్టరమ్మ మొగుడి వైపు చూసింది.

"ఏమండీ, మీరేనా?"

"నేను కూర్చుని ఉన్నానే!"

"కూర్చుని కూడా పెడతారుగా. స్తోత్రం చెప్పేటప్పుడు పెట్టలేదూ?"

"అది కళ్ళు మూసుకోవడం."

వియ్యపురాలు ఈ గొడవలో లేదు. పరుపు చివరినుంచి అంగుళం అంగుళం అరచేత్తో నొక్కుకుంటూ వస్తోంది. మధ్యకు వచ్చాక చెయ్యి ఆగింది. ముఖం వెలిగింది.

"గడ్డ" అంది.

పరుపులావిడకు దుకాణం తలుపులకు తాళం పడటం కళ్ళకు కట్టింది.

"ఇక్కడొకటి. పక్కన ఇంకోటి. చిన్న గడ్డ కూడా కాదు, మోకాలంత ఉంది. వదినగారూ, చెయ్యి పెట్టి చూడండి. నా కొడుకు దీని మీదా పడుకోవాల్సింది? ఆ వరండాలోది లోపలికి తెప్పించండి."

"ఆగండమ్మా" అంది పరుపులావిడ. "దూది ఒకచోట చేరింది, అంతే. కర్రతో నాలుగు వేస్తే సర్దుకుంటుంది."

కర్ర ఎత్తింది. ఆదివారం నుంచి నిద్ర లేదు. కళ్ళ ముందు తెల్లగా ఉంది. ఆ ఉదయం మూలలు తడమనందుకే ఇలా అయిందని, తడిమి ఉంటే ఆయన పరువు దక్కేదని లోపల కుమిలిపోతోంది. ఆ కుమిలింపంతా కర్రలోకి దిగింది. ఒక్కటి వేసింది. గడ్డ కదిలింది. రెండోది ఇంకాస్త గట్టిగా వేసింది.

పరుపు లోపలినుంచి నిద్రమత్తు గొంతు ఒకటి, ఎంతో వినయంగా, "నీ ఇష్టమేనే... నీ ఇష్టం..." అంది.

వియ్యపురాలు అరిచిన అరుపుకు వీధిలో జనం ఆగారు. పాస్టరుగారు మంచం మీదినుంచి లేచిన వేగం ఆ వయసుకు తగింది కాదు. "ప్రభువా!" అన్నారు. అది పిలుపో, ప్రశ్నో తెలియలేదు. పరుపులావిడ మాత్రం అరవలేదు. ఆ గొంతు ఆవిడకు తెలుసు. కర్ర పారేసి దబ్బనంతో మూతి కుట్లు పొడిచి తెంపడం మొదలుపెట్టింది. ఆ కుట్లు తెగలేదు. తాను వేసిన కుట్టే కదా, బిగుతుగా. గోళ్ళతో పీకింది, పళ్ళతో కొరికింది. తమ్ముడు బండిలోంచి చాకు తెచ్చి కోశాడు.

ముందు దూది బయటికొచ్చింది. గదంతా లేచి తేలింది. ఆ తెల్లటి మసకలోంచి, తల నిండా, కనుబొమల నిండా దూదితో, దేవదూతకు తాతలా పరుపులాయన పాక్కుంటూ వచ్చాడు. చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. ఇది ఏ లోకమో తేల్చుకోలేకపోయాడు.

"బావా, లోబడమంటే లోపల పడ్డావా?" అన్నాడు బావమరిది.

పాస్టరుగారు గుండె మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. "నాయనా, నీ భార్య కోసం నిన్ను నువ్వు అప్పగించుకోమన్నాను. మూట కట్టించుకుని మా ఇంటికి అప్పగించుకోమన్నానా?"

పరుపులావిడ భర్త చొక్కా పట్టుకుంది.

"లోపలికి వెళ్తున్నానని చెప్పొద్దూ? రోజూ అరుస్తారుగా! ఇవాళేమొచ్చింది మీ నోటికి?"

"నీ మీద అరవకూడదని..."

"అరవండి! ఎవరొద్దన్నారు?"

"మరి నువ్వు? రోజూ చెయ్యి పెట్టి తడుముతావుగా. తడిమితే నా ముక్కే దొరికేదిగా!"

"మిమ్మల్ని నమ్మాలని తడమలేదు."

"నమ్ము. తడిమి నమ్ము."

"లోపల ఊపిరాడకపోయుంటే?" అంది ఆవిడ. అని, ఆ మాటకు తానే భయపడి ఏడ్చింది.

దూది పోగు ఒకటి మెల్లగా వచ్చి ఆవిడ తడి చెంప మీద వాలింది. ఆయన దాన్ని తీయబోయి, తీస్తే ఏమనుకుంటుందో అని ఆగి, ఆగినందుకు తన మీద తనకే ఒళ్ళు మండి, తీసేశాడు.

"ఆ లోపల అంత హాయిగా ఎలా నిద్రపట్టిందండీ?" అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ. "ఇంట్లో మెత్తగా కూరి కూరి పెట్టాను, అక్కడ పట్టలేదు గానీ!"

"కూరింది నువ్వా?"

"మీకు మెత్తన ఇష్టమని."

"నాకా? నా నడుము విరిగిపోతోంది! నీకు మెత్తన ఇష్టమని నీ వైపు కూరింది నేను!"

"నాకు మెత్తన గిట్టదు. పెళ్ళయిన నాటి నుంచీ గిట్టదు."

"నాకూ గిట్టదే!"

"మరి చెప్పరేం?"

"పరుపులు కుట్టేవాణ్ణి, నాకు పరుపు పడదని ఎవరికి చెప్పుకోను?"

"నాకు చెప్పుకోవాలి! ఇంకెందుకున్నాను నేను?"

పాస్టరమ్మ మొగుడి వైపు తిరిగింది. "విన్నారా? వచ్చేసారి తగ్గమని చెప్పేముందు నోరు విప్పమని చెప్పండి." పాస్టరుగారు సరేనన్నారు. ఆయన సరేనన్నది ఇష్టపడో, లోబడో ఆ గదిలో ఎవరికీ తేలలేదు.

ఇంతలో పరుపులాయనకు పరుపు గుర్తొచ్చింది. మూతి చిరిగి, దూది సగం గాల్లో ఉంది. పెళ్ళికి పనికిరాదు. వియ్యపురాలి ముందు నిలబడి తల వంచాడు. "అమ్మా, తప్పు మాదే. ఆ వరండాలో పరుపు లోపల వేయించండి. మేము ఇది తీసుకెళ్ళిపోతాం" అన్నాడు. భార్య పక్కకు వచ్చి నిలబడింది. దుకాణం పోయినట్టేనని ఇద్దరికీ అర్థమైంది.

వియ్యపురాలు ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. తర్వాత పరుపును చూసింది.

"మీ ఇంటి దగ్గర ఎక్కించారా?"

"ఎక్కించామండీ."

"ఈ రోడ్ల మీద బండిలో తెచ్చారా?"

"తెచ్చాం."

"నలుగురు పట్టి మంచం మీద పడేశారు. పాస్టరుగారు కూర్చున్నారు. నేను మోకాలు నొక్కాను. ఈమె కర్రతో కొట్టింది." ఆవిడ కళ్ళ కింద కూడా నల్లటి వలయాలున్నాయని అప్పుడు అందరూ గమనించారు. "అయినా ఈ మనిషి లేవలేదు. మా ఇంట్లో అలాంటి స్పాంజి పరుపు మీదే నేను నెల నుంచి దొర్లుతున్నాను, కంటి మీద కునుకు లేదు. మూతి మళ్ళీ కుట్టండి. నా కొడుక్కి ఇదే. నాకూ ఇలాంటిదే ఒకటి."

వీధిలో ఆగిన జనం కిటికీల్లోంచి అంతా విన్నారు. ఆ మాట సందులన్నీ తిరిగింది. తిరిగే కొద్దీ పెరిగింది. పరుపులాయన ఆ పరుపులో పడుకుంటే బండి బోల్తా కొట్టినా లేవలేదని కొందరు, డాక్టరు వచ్చి లేపాల్సివచ్చిందని కొందరు చెప్పుకున్నారు.

ఈసారి ఆయన, "లోపలికెళ్తున్నా, మూతి పట్టుకో!" అని పెళ్ళివారిల్లు అదిరేట్టు అరిచి లోపలికి పాకాడు. ఆవిడ చెయ్యి పెట్టి మూలలన్నీ తడిమింది, ఒక మూల ఖాళీగా ఉందని తేల్చింది. ఆయన ఎగిరాడు. ఆ పోట్లాట బండెక్కినా ఆగలేదు, ఇల్లు చేరినా ఆగలేదు. తమ్ముడు వాళ్ళను గుమ్మంలో దించి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంట్లోకి రాగానే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఏమీ అడగకుండా, మంచం వైపు కూడా చూడకుండా, కటిక గచ్చు మీద వాలిపోయారు. సాయంత్రపు వెలుగు వాళ్ళ పాదాల మీదికి, మోకాళ్ళ మీదికి పాకి, ముఖాలు దాటి గోడెక్కి పోయింది.

నిద్రపట్టే పరుపులు కావాలని వచ్చినవాళ్ళు తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయారు.